వేగానికి లోటు లేదు, పలుకే లేదు: ఒక గిటార్ విద్యార్థి కేస్ స్టడీ

ఎలక్ట్రిక్ గిటార్ నేర్పేవాళ్లందరికీ తరచూ తగిలే ఫిర్యాదు ఒకటుంది. "వేళ్లు బాగానే తిరుగుతున్నాయి సార్, కానీ ఫీల్ రావడం లేదు." దీనికి ఎక్కువగా దొరికే సలహా "మనసు పెట్టి వాయించు" అని. ఆ మాటతో బాగుపడినవాళ్లు నాకింతవరకు తారసపడలేదు. మనసు పెట్టనివాడు అసలు ఏళ్ల తరబడి స్కేళ్లు రుద్దుతూ కూర్చోడు కదా. టెక్నిక్ ఒక ఒడ్డున, ఫీల్ ఇంకో ఒడ్డున ఉన్నట్టు సాగే వాదనలు వినీ వినీ విసుగొచ్చింది. అందుకే ఒక విద్యార్థి విషయంలో ఏం కనిపించింది, ఏం చేశాం, ఏది పనిచేసింది, ఏది బెడిసికొట్టింది అన్నది వివరంగా రాస్తున్నాను. అతన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

వచ్చేనాటికి పరిస్థితి

వయసు ముప్పైకి కాస్త అటూ ఇటూ. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు సాధన చేస్తాడు. నా దగ్గరికి వచ్చేనాటికే ఆల్టర్నేట్ పికింగ్‌లో (పిక్‌తో తీగను కిందికి, పైకి మార్చి మార్చి మీటడం) 160 బీపీఎం, అంటే నిమిషానికి 160 బీట్ల దగ్గర సిక్స్‌టీన్త్ నోట్లు (బీటుకు నాలుగు) తడబడకుండా వాయించేవాడు. అంటే సెకనుకు పదికి పైగా నోట్లు, ఒక్కో నోటుకు దాదాపు 94 మిల్లీసెకన్లు. స్వీప్ పికింగ్, ట్యాపింగ్ లాంటి వేగపు టెక్నిక్‌లు కూడా చేతిలో ఉన్నాయి. ఇదంతా తేలిగ్గా వచ్చేది కాదు, దాన్ని తీసిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అతను వాయించే బ్యాండ్‌లో ఒక నెమ్మదైన పాట ఉంది. అందులో సోలో ఇతనిది. రిహార్సల్‌లో వాయించాక డ్రమ్మర్ "ఎక్సర్‌సైజ్ చేస్తున్నట్టుంది" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చాడు. స్పీడ్ తగ్గించి చూశాడు, లాభం లేదు. ఖరీదైన పెడల్ కొన్నాడు, లాభం లేదు. ఇక తీగలు మార్చాలా అని అడిగాడు. బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ 13 గేజ్‌తో (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) మొదలయ్యే లావు తీగలు వేసి, గిటార్‌ను సెమీటోన్ (అర స్వరం) తగ్గించి ట్యూన్ చేసేవారని ఎక్కడో చదివాడు. నిజమే. కానీ రాక్ గిటారిస్ట్ బిల్లీ గిబ్బన్స్ 7 గేజ్‌తో మొదలయ్యే సన్నని తీగల మీద వాయిస్తారు, ఆయనకు ఫీల్ లేదని ఎవరూ అనలేదు. తీగల సంగతి పక్కన పెట్టించాను.

ఏం చూశాను

ఏ (A) కీలో 12 బార్ల (తాళ ఆవర్తనాల) స్లో బ్లూస్ బ్యాకింగ్ ట్రాక్ పెట్టాను. 60 బీపీఎం, 12/8 తాళం, బార్‌కు నాలుగు బీట్లు. ఒక్కో బార్ నాలుగు సెకన్లు, మొత్తం చుట్టు 48 సెకన్లు. నీకు తోచింది వాయించు అన్నాను. రికార్డ్ చేశాం. యాంప్ సెట్టింగులు, చేతి పొజిషన్ అన్నీ అతనివే, దేన్నీ ముట్టుకోలేదు.

అతను ఎంచుకున్న నోట్లు తప్పు కాదు. ఏ (A) మైనర్ పెంటాటోనిక్ అనే ఐదు స్వరాల స్కేల్, అక్కడక్కడా మేజర్ థర్డ్ (సీ షార్ప్), అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. అయినా వింటుంటే డ్రమ్మర్ మాటే నిజమనిపించింది. ఆ "అనిపించడం" దగ్గర ఆగిపోతే పాఠం చెప్పడానికి ఏమీ మిగలదు కాబట్టి, రికార్డింగ్‌ను ముక్కలు చేసి చూశాం.

ముందు బెండ్, అంటే మోగుతున్న తీగను వేలితో పక్కకు నెట్టి శ్రుతి పెంచడం. ఈ పొజిషన్‌లో అందరూ వాయించే బెండ్ ఒకటుంది: మూడో తీగ, ఏడో ఫ్రెట్ (మెడ మీది లోహపు అడ్డుపట్టీ). అక్కడ పలికేది డీ (D), దాదాపు 293.7 హెర్ట్జ్. తీగను పైకి నెట్టి ఈ (E) నోటు దాకా, అంటే 329.6 హెర్ట్జ్ దాకా తీసుకెళ్లాలి. అదే E నోటు రెండో తీగ ఐదో ఫ్రెట్‌లో సిద్ధంగా దొరుకుతుంది, సరిచూసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. పిచ్ గ్రాఫ్ పెట్టి చూస్తే అతని బెండ్లలో ఎక్కువ భాగం 324 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతున్నాయి. సెమీటోన్‌ను వంద భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని సెంట్ అంటాం. ఆ లెక్కన 30 సెంట్లు తక్కువ. వేగంగా వాయించేటప్పుడు ఇది ఎవరి చెవినా పడదు. నోటు రెండు సెకన్లు నిలబడితే మాత్రం వినేవాడికి ఏదో అసౌకర్యం. అపశ్రుతి అని చెప్పలేడు, "ఫీల్ లేదు" అంటాడు.

ఇక్కడ ఒక పరీక్ష పెట్టాను. బెండ్ చేసే ముందు, చేరాల్సిన నోటును గొంతుతో అనమన్నాను. సిగ్గుపడుతూ అన్నాడు, సరిగ్గా E మీదే పడింది. అంటే చెవి బాగానే ఉంది, చెయ్యే అందుకోవడం లేదు. ఈ రెండూ విడదీసి చూడకపోతే వైద్యం తప్పుతుంది. చెవి తప్పినవాడికి ఇయర్ ట్రైనింగ్ ఇవ్వాలి, చెయ్యి తప్పినవాడికి మణికట్టు సరిచేయాలి.

చేతిని చూస్తే కారణం బయటపడింది. అతని బొటనవేలు మెడ వెనక, సరిగ్గా మధ్యలో ఉంది. వేళ్లు బాగా విచ్చుకోవడానికి, పెద్ద స్ట్రెచ్‌లకు, వేగానికి ఆ పొజిషన్ చక్కగా సరిపోతుంది. బెండ్‌కు మాత్రం పనికిరాదు. తీగను నెట్టే బలం వేలి కీళ్ల నుంచి కాదు, మణికట్టు తిరగడం నుంచి రావాలి. మణికట్టు తిరగాలంటే చెయ్యికి ఒక ఆనిక కావాలి. బొటనవేలు మెడ మీదుగా పైకి వచ్చి పట్టుకుంటే, చూపుడువేలి మొదలు మెడ కిందిభాగానికి ఆనితే ఆ ఆనిక దొరుకుతుంది. ఇతను ఉంగరపువేలు ఒక్కదానితో, కీళ్ల బలంతో నెడుతున్నాడు. వెనక ఉన్న రెండు వేళ్లు సాయం పట్టకుండా గాల్లో ఉన్నాయి.

వైబ్రాటో (తీగను కదిపి నోటును ఊపడం) సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రతి పొడవాటి నోటు మీదా వైబ్రాటో ఉంది, అన్నిటి మీదా ఒకేలా ఉంది. నోటు పుట్టగానే మొదలవుతుంది, సన్నగా, గబగబా, చలికి వణుకుతున్నట్టు. బెండ్ చేసిన నోటు మీద వైబ్రాటో మామూలుదానికి తలకిందులు. మామూలు నోటు మీద తీగను కదిపితే శ్రుతి పైకి వెళ్లి కిందికి, అసలు చోటికి వస్తుంది. బెండ్ చేసిన నోటు మీదైతే కాస్త వదిలి, మళ్లీ పైకి చేర్చాలి. ఆ "మళ్లీ పైకి" అన్నది ఇతని చేతిలో లేదు. ఊపిన ప్రతిసారీ నోటు కొంచెం కొంచెం జారిపోతోంది.

మూడోది వాల్యూమ్. రికార్డింగ్ వేవ్‌ఫారమ్ మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎత్తున, గోడ కట్టినట్టుంది. ఇందులో సగం తప్పు యాంప్‌ది. గెయిన్ (సిగ్నల్‌ను పెంచి గరగరలాడించే సెట్టింగ్) అంత ఎక్కువ పెడితే సిగ్నల్ నలిగి, మెల్లగా మీటినా గట్టిగా మీటినా దాదాపు ఒకే మోత వస్తుంది. మిగతా సగం కుడిచేతిది. ప్రతి నోటుకూ పిక్ ఒకే లోతున, ఒకే చోట, బ్రిడ్జికి దగ్గరగా తగులుతోంది.

నోట్ల మొదళ్లు అన్నీ శుభ్రం. చివర్లు మాత్రం ఎక్కడ పడితే అక్కడ తెగిపోతున్నాయి, తర్వాతి నోటుకు వేలు లేవాలి కాబట్టి అంతే. 48 సెకన్లలో ఒక బీటు కన్నా పొడవైన ఖాళీ ఒక్కటీ లేదు.

నా నిర్ధారణ

ఇతనికి టెక్నిక్ ఎక్కువై ఫీల్ తగ్గలేదు. ఇతని టెక్నిక్ అంతా ఒకే పనికి తయారైంది: నోట్లన్నీ సమానంగా రావడం. ఆల్టర్నేట్ పికింగ్ సాధనలో మనం కోరుకునేది అదే. డౌన్ స్ట్రోక్, అప్ స్ట్రోక్ తేడా తెలియకూడదు, ఏ నోటూ ఎగిరిపడకూడదు, వేళ్లు ఫ్రెట్‌బోర్డ్ నుంచి అర సెంటీమీటరు కూడా లేవకూడదు. ఏళ్ల తరబడి మెట్రోనోమ్ ముందు కూర్చుని అసమానతను ఒక్కో చోటా వెతికి చంపేశాడు. నెమ్మదైన సోలోకు కావలసింది ఆ అసమానతే, కాకపోతే చెప్పినట్టు వినే అసమానత. ఒక నోటు గట్టిగా, పక్కనోటు వినీ వినపడకుండా. ఒకటి బీటు మీద, ఇంకోటి కాస్త వెనక. ఒక బెండ్ టక్కున, ఇంకోటి ఎక్కడానికి ఒక సెకను తీసుకుని. ఇది కూడా టెక్నికే. మెట్రోనోమ్ దీన్ని కొలవదు, అందుకే సాధన షీట్లలో కనిపించదు, అందుకే దీనికి "ఫీల్" అని పేరు పెట్టి దైవదత్తం కిందికి తోసేస్తాం.

వేగమే ఫీల్‌కు శత్రువు అనేవాళ్లు స్వీడిష్ గిటారిస్ట్ యింగ్వే మాల్మ్‌స్టీన్ నిలిపిన నోట్లు వినాలి. 1984లో వచ్చిన మొదటి సోలో ఆల్బమ్ నుంచీ ఆయన పేరు వేగానికి మారుపేరైంది. కానీ వేగం ఆగి ఒక నోటు నిలిచినప్పుడు వినిపించే ఆ వెడల్పాటి వైబ్రాటో ఎంతమందికి పట్టుబడింది? ఆయన్ని అనుకరించేవాళ్లలో చాలామంది పరుగులు (వేగంగా దూసుకెళ్లే నోట్ల వరసలు) నేర్చుకుని దాన్ని వదిలేశారు.

చేసిన పని

మొదట గెయిన్‌ను సగానికి పైగా తగ్గించాను. గిటార్ వాల్యూమ్ నాబ్ ఆరు దగ్గర పెట్టి, గట్టిగా మీటితే మాత్రమే డిస్టార్షన్ (ఆ గరగర) తగిలేలా యాంప్ సర్దాను. అతనికి ఇది అన్నిటికన్నా కష్టమైంది. "సార్, నాకు అసలు గిటారే రానట్టుంది" అన్నాడు. ఎక్కువ గెయిన్ చేతిలోని లోపాలెన్నో కప్పేస్తుంది, అది తీసేసరికి ప్రతి మీటూ బయటపడింది. కొన్ని వారాలు అలాగే వాయించమన్నాను.

తర్వాత బెండ్. బొటనవేలు పైకి తెచ్చాం, మూడు వేళ్లు కలిపి నెట్టడం, మణికట్టు తాళం తిప్పినట్టు తిరగడం. రెండో తీగ ఐదో ఫ్రెట్ మీటి నిలిపి, దాని పక్కనే మూడో తీగ బెండ్ చేయమన్నాను. రెండూ కలిసి మోగుతుంటే తేడా ఎంతో చెవికే తెలుస్తుంది. 324, 329.6 కలిసి మోగితే సెకనుకు ఐదారు సార్లు "వావ్ వావ్" అని కొట్టుకుంటాయి. కాస్త డిస్టార్షన్ ఉంటే ఆ కొట్టుకోవడం ఇంకా స్పష్టం. బెండ్ పైకి వెళ్లేకొద్దీ కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, చేరగానే ఆగిపోతుంది. ట్యూనర్ వైపు చూడనివ్వలేదు. కళ్లు ట్యూనర్‌కు అలవాటు పడితే స్టేజ్ మీద చెవి పనిచేయదు.

పొజిషన్ మారడం వల్ల మొదట్లో అతని వేగం పడిపోయింది. కంగారు పడ్డాడు. పరుగులకు బొటనవేలు కిందికి, బెండ్‌కు పైకి, ఈ రెండింటి మధ్య మారడమే నేర్చుకోవాలని, ఒకటి వదిలి ఇంకోటి పట్టుకోవడం కాదని పదేపదే చెప్పాల్సొచ్చింది. రాక్ గిటారిస్టుల ఎడమచేతిని గమనిస్తే ఈ మార్పు ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది.

వైబ్రాటోను ముందు పూర్తిగా ఆపించాను. నోటు నిలబడాలి, ఊగకూడదు. ఊగని నోటును భరించలేక ఊపుతున్నాడని అప్పుడు బయటపడింది. తర్వాత తాళానికి కట్టి మొదలుపెట్టాం: బీటుకు మూడు ఊపులు, నాలుగు, ఆరు. ప్రతి ఊపూ ఒకే ఎత్తుకు వెళ్లి ఒకే చోటికి రావాలి. ఇదంతా డ్రిల్లే, ఇందులో ఫీల్ ఏమీ లేదు. బ్లూస్ గిటారిస్ట్ బి.బి. కింగ్ వైబ్రాటో ఇలాగే వచ్చిందని నేననను. తన బంధువు బుక్కా వైట్ స్లైడ్‌తో (తీగల మీద జరిపే గొట్టం) పలికించే ధ్వని ఆయనకు కావాలి, స్లైడ్ చేతికి లొంగలేదు, దాంతో ఆ ధ్వనిని వేలితోనే రాబట్టడానికి పూనుకున్నారు. ఆయనకు ముందు ఏం వినిపించాలో తెలుసు, చెయ్యి దాని వెంట వెళ్లింది. మా విద్యార్థికి క్రమం తిరగబడింది, తప్పదు.

కుడిచేతికి చేసింది తక్కువే. ఒకే లిక్‌ను (చిన్న నోట్ల వరసను) బ్రిడ్జి దగ్గర, మధ్యలో, మెడ పికప్ మీద మీటడం, పిక్ వదిలేసి వేళ్లతో మీటడం. 1980ల నుంచి రాక్ గిటారిస్ట్ జెఫ్ బెక్ పిక్ పక్కన పెట్టి వేళ్లతో వాయిస్తూ, వాల్యూమ్ నాబ్, వ్యామీ బార్ (శ్రుతిని ఊపే కడ్డీ) కూడా అదే చేత్తో ఆడించేవారు. ఆయన వీడియోల్లో కుడిచేతిని మాత్రమే చూడమన్నాను. అది అతనికి నా పాఠాలన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిందేమో.

బెడిసికొట్టింది

ఖాళీలు నేర్పడానికి ఊపిరి పద్ధతి ఎంచుకున్నాం. ఊపిరి వదిలేటప్పుడే వాయించాలి, పీల్చేటప్పుడు ఆగాలి. గాయకులకు తప్పనిసరైన విరామం గిటారిస్టుకు తప్పనిసరి కాదు కాబట్టే మనం ఆగకుండా వాయిస్తాం. ఆలోచన బాగుంది. కొద్దిరోజుల్లోనే అతను దాన్ని కూడా ఎక్సర్‌సైజ్ చేసేశాడు. ప్రతి ఫ్రేజ్ ఒకే పొడవు, ప్రతి ఖాళీ రెండు బీట్లు. వైబ్రాటో ప్రతిసారీ సరిగ్గా ఒక బీటు ఆలస్యంగా మొదలవుతోంది. శ్రుతి సరిగ్గా ఉంది, వాల్యూమ్ ఎక్కడ పెరగాలో అక్కడ పెరుగుతోంది. విన్నవాళ్లు "బాగుంది" అంటారు, రెండో చుట్టుకు ఫోన్ చూసుకుంటారు.

చేతిలోకి ఎన్ని తెచ్చిపెట్టినా, ఈ క్షణంలో ఇది ఎందుకు అన్న ప్రశ్నకు వాయించేవాడు తనే జవాబు చెప్పుకోవాలి. ఫీల్ మొత్తం టెక్నికేనని వాదించేవాళ్లతో నేను విడిపోయేది ఇక్కడే. పలికించడం నేర్పవచ్చు. ఏం పలికించాలో ఎంచుకోవడం డ్రిల్‌తో రాదు.

బ్యాకింగ్ ట్రాక్ మానేశాం. నేను ఎదురుగా కూర్చుని రెండు బార్లు వాయిస్తాను, అతను రెండు బార్లు జవాబివ్వాలి. బి.బి. కింగ్ పాడుతూ గిటార్ వాయించేవారు కాదు, పాటలో ఒక వరస ముగిశాక గిటార్ జవాబిచ్చేది. అదే సంభాషణ ఇద్దరి మధ్య. మొదట్లో నేనేం వాయించినా అతను ముందే తయారు చేసుకున్న లిక్ వదిలేవాడు. నేను గొడవ పడుతున్నట్టు వాయిస్తే అతను మర్యాదగా జవాబు చెప్పేవాడు, ఒక్కోసారి నవ్వొచ్చేది. నేను చెప్పిన దిద్దుబాటు ఒక్కటే: నా ఆఖరి నోటుతో నువ్వు మొదలుపెట్టు. అలా చేయాలంటే వినక తప్పదు.

మార్పు స్పష్టంగా వినపడిన ఒక క్లాసు ఉంది. నేను సీ నోటు దగ్గర ఆపాను, వెనకున్న కార్డ్ (కలిసి మోగే స్వరాలు) ఏ (A) సెవెన్త్. అందులో థర్డ్ సీ షార్ప్, సీ కాదు. ఆ రెండింటి మధ్య ఉండే పావు స్వరమే బ్లూస్‌లో సగం కథ. అతను దాదాపు ఒక బార్ అంతా ఏమీ వాయించలేదు. తర్వాత మూడో తీగ ఐదో ఫ్రెట్ మీద అదే సీ మీటి, మెల్లగా, సీ షార్ప్ దాకా చేరకుండా నెట్టి, అక్కడే ఆపి, వైబ్రాటో లేకుండా వదిలేశాడు. అంతే, ఇంకో నోటు లేదు. ఎందుకలా చేశావని అడిగితే "మీరు సగంలో ఆపినట్టు అనిపించింది, నేనూ సగంలో ఆపాను" అన్నాడు. బెండ్‌ను కావలసిన చోట ఆపే చెయ్యి లేకపోతే ఆ ఆలోచన ఆలోచనగానే ఉండిపోయేది. కొన్ని నెలల క్రితం అతని చేతికి ఆ పావు స్వరం దొరికినా అది గురి తప్పడమే తప్ప ఎంచుకున్నది కాదు.

ఎదుటి వైపు కేసు, క్లుప్తంగా

అదే కాలంలో ఇంకో విద్యార్థి ఉన్నారు, వయసులో పెద్దావిడ. ఒక్క నోటుతో గది మొత్తాన్ని ఆపగల చెయ్యి. కానీ కార్డ్ మారితే అక్కడే తిరుగుతూ ఉండేవారు, 100 బీపీఎం దాటితే బీటుకు వెనకపడేవారు, దాన్ని "లెయిడ్ బ్యాక్" అనేవారు. కావాలని 20, 30 మిల్లీసెకన్లు వెనక వాయించడం వేరు, అందుకోలేక వెనకబడటం వేరు. మొదటిది ప్రతి బీటులోనూ ఒకే దూరంలో ఉంటుంది, రెండోది పెరుగుతూ పోతుంది. ఆవిడకు నేనిచ్చింది మెట్రోనోమ్, ఆర్పెజియోలు (కార్డ్ నోట్లను ఒక్కొక్కటిగా వాయించడం). వాటివల్ల ఆవిడ టచ్ పోలేదు, ఆవిడ భయపడింది అదే.

ఇప్పటి పరిస్థితి

బ్యాండ్‌లో ఆ నెమ్మదైన పాట సోలో మారింది. నోట్లు మునుపటికన్నా తక్కువ, మధ్యలో రెండు బార్లు ఖాళీ వదులుతాడు. ఆఖర్న ఒక వేగవంతమైన పరుగు ఉంచుకున్నాడు, నేను తీయమనలేదు. అంతసేపు అట్టేపెట్టిన వేగం ఒక్కసారి బయటికొస్తే దానికి విలువ ఉంది. డ్రమ్మర్ ఏమన్నాడో అడగలేదు, అతను చెప్పలేదు.

అన్నీ సర్దుకోలేదు. స్టేజ్ మీద టెన్షన్ పెరిగితే బొటనవేలు మళ్లీ మెడ వెనక్కి జారిపోతుంది, దాంతోపాటు బెండ్లూ జారుతాయి. ఈమధ్య షో రికార్డింగ్ పిచ్ గ్రాఫ్ పెట్టి చూస్తే మూడో తీగ నిలకడగా ఉంది, రెండో తీగ పదో ఫ్రెట్ బెండ్ మాత్రం ఇంకా 10, 15 సెంట్లు తగ్గుతోంది. పరుగులో బొటనవేలు కింద ఉంచి, ఆఖరి నోటుకు సరిగ్గా పైకి తెచ్చి బెండ్ చేయడం మీద ఇప్పుడు పనిచేస్తున్నాం. 90 బీపీఎం దగ్గర కుదురుతోంది, 120 దగ్గర ఇంకా కుదరలేదు.